దశలవారీ ఉత్థానం

ప్రభుత్వంలో ఏ పని కావాలన్నా ముందు ఒక ఫారం నింపాలి. ఆ ఫారం ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం ఎవరూ ఆలోచించరు. అది జగిత్యాలలో ఒక రెండంతస్తుల పసుపు మేడలో ఉన్న ‘ప్రాంతీయ ఫారాల రూపకల్పన, సరఫరా కార్యాలయం’ నుంచి వస్తుంది. మొగిలయ్య ఆ కార్యాలయంలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఫారాలు తయారు చేస్తున్నాడు. చుక్కల గీత ఎంత పొడవుండాలో, సంతకం గడి ఎంత వెడల్పుండాలో ఆయనకు కంటి కొలతే. ఆయన తయారు చేసిన ఫారంలో మనిషి పేరు పూర్తిగా రాయడానికి చోటుండేది. ఆ దుర్గుణం వల్లనే పదకొండేళ్లుగా సూపరింటెండెంటు కాలేకపోయాడని కొందరి అభిప్రాయం. రిటైర్మెంటుకు ముందు ఇక ఒక్క ప్రమోషన్ల జాబితానే మిగిలి ఉంది.

యాభై ఏడో ఏట ఆయనకు ప్రోస్టేటు గ్రంథి పెరిగింది. ఆ ఏడు ఆయనకు సంబంధించినంతవరకు పెరిగింది అదొక్కటే. రాత్రికి ఐదుసార్లు లేచి, లేచిన ప్రతిసారీ బాత్‌రూములో పది నిమిషాలు ధ్యానం చేసి వచ్చేవాడు. చివరికి భార్య సుగుణ పోరు పడలేక కరీంనగర్‌లో అన్వర్ డాక్టరు దగ్గరికి వెళ్లాడు.

డాక్టరు పరీక్షలన్నీ చూసి రెండు గోళీలు రాశాడు. “ఒకటి దారి వదులు చేస్తది. దానితోని బీపీ జర దిగుతది. దిగ్గున లేస్తే కళ్లు తిరిగి పడిపోతరు. మెల్లగ లేవాలె. ముందు నడుము, తర్వాత చెయ్యి, తర్వాత కాళ్లు. రెండోది గ్రంథిని చిన్నగ చేస్తది. దానితోని కొందరికి ఇంట్ల కోరిక తగ్గుతది. అట్లయితే దాచుకోవద్దు, వచ్చి చెప్పాలె.”

“అట్లనే సార్” అన్నాడు మొగిలయ్య.

ఈ విషయంలో మగవాళ్లు అట్లనే అన్నారంటే చెప్పరని అర్థమని డాక్టరుకు అనుభవం ఉన్నట్టుంది. లేచే పద్ధతి ఒక చీటీ మీద, ఈ మాట ఇంకో చీటీ మీద రాసి, దీని కింద రెండు గీతలు గీసి ఇచ్చాడు.

గోళీలు పని చేశాయి. నెల తిరిగేసరికి రాత్రికి ఒక్కసారే లేస్తున్నాడు. ఆఫీసులో కూడా కుర్చీలోంచి డాక్టరు చెప్పినట్టే మెల్లగా లేచేవాడు. ఫారాల కార్యాలయంలో మెల్లగా లేవడాన్ని ఎవరూ జబ్బు అనుకోరు కాబట్టి మూడు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి.

అప్పుడు కొత్త ఉప సంచాలకులు పురుషోత్తం గారు వచ్చారు.

ఆయనది గ్రాంథికం. మామూలు మాటలు ఇంట్లో వదిలి వచ్చేవారు. వచ్చిన రోజున హాలులోకి అడుగుపెట్టినప్పుడు సగం మంది తలెత్తలేదు. మిగతా సగం తలెత్తి, మళ్లీ దించుకున్నారు. మర్నాడు పొద్దున నోటీసు బోర్డు మీద ‘గౌరవసూచక ఉత్థాన ఉత్తర్వు’ అంటించి ఉంది.

“ఉప సంచాలకులవారు హాలునందు ప్రవేశించిన రెండు సెకన్లలోపు సిబ్బంది యావన్మందియు తమ ఆసనముల నుండి సంపూర్ణముగా ఉత్థానము చెందవలెను. అసంపూర్ణ ఉత్థానము, విలంబిత ఉత్థానము క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణింపబడును.”

“ఉత్థానమంటే ఏంది సార్?” అని అటెండరు సాయిలు అడిగాడు.

“లేసుడు” అన్నాడు మొగిలయ్య.

పదిన్నరకు పురుషోత్తం గారు వచ్చారు. ముప్ఫై నాలుగు కుర్చీలు ఒక్కసారి కిర్రుమన్నాయి. మొగిలయ్య కూడా డాక్టరు మాట మరిచి అందరితోపాటు దిగ్గున లేచాడు. హాలు ఒకసారి కుడివైపుకు, ఒకసారి ఎడమవైపుకు వంగింది. పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చేతులు చాచాడు. దొరికింది ఉప సంచాలకులవారే. ఇద్దరూ ఒకరినొకరు కావలించుకొని, జనన ధ్రువీకరణ ఫారాల కట్టల మీద మెల్లగా ఒరిగారు.

ఆ మధ్యాహ్నమే మెమో వచ్చింది. అధికారి పట్ల అత్యుత్సాహముతో కూడిన ఆలింగనమునకు పాల్పడినందున సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది.

మర్నాటి నుంచి మొగిలయ్య జాగ్రత్త పడ్డాడు. సారు వచ్చినప్పుడు కుర్చీలోనే కూర్చొని రెండు చేతులూ జోడించేవాడు. లేవడానికి మొదలుపెట్టేవాడే గాని, నడుము నిటారయ్యేసరికే సారు తన గదిలోకి వెళ్లిపోయేవారు. పది రోజులు ఇలా జరిగాక ఇంకో మెమో వచ్చింది. గౌరవం ఎక్కువైందని ఒకటి, తక్కువైందని ఒకటి. రెండూ ఒకే ఫైలులో ఉన్నాయి. జాబితా హెడ్డాఫీసుకు వెళ్లేలోపు ఆ ఫైలు మూతపడకపోతే ఈసారి కూడా ప్రమోషన్ రాదు. మొగిలయ్య మెమోను మడిచి టిఫిన్ సంచిలో దాచుకొని ఇంటికి వెళ్లాడు.

సుగుణ బాలికల హైస్కూలులో తెలుగు టీచరు. ఆ సాయంత్రం వరండాలో కూర్చొని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. గిన్నె తీయబోతే సంచిలోంచి కాగితం కింద పడింది. చదివింది. కళ్లజోడు తీసి తుడుచుకొని మళ్లీ చదివింది.

“మీయందు గల ఉత్థాన లోపము గత పది దినములుగా ఈ కార్యాలయ దృష్టికి వచ్చుచున్నది. సదరు లోపమునకు గల కారణములను మూడు దినములలోపు వ్రాతపూర్వకముగా తెలుపవలెను.”

“ఈ ముచ్చట మీ ఆఫీసుకెట్ల తెలిసింది?” అంది, గొంతు బాగా తగ్గించి.

“రోజు చూస్తనే ఉన్నరు గద” అన్నాడు మొగిలయ్య నీరసంగా.

“ఏం చూస్తున్నరు?”

“నాకు లేస్తలేదని. మస్తు ప్రయత్నం చేస్తున్న. అందరికి లేస్తున్నది, నా ఒక్కనికే ఆలస్యమైతున్నది. రాజమణి పక్కసీట్లనే ఉంటది గద, పాపం ఆమె సుత ఓసారి చెయ్యి పట్టి లేపబోయింది.”

సుగుణ ఎర్ర సిరా పెన్ను మూత పెట్టి, పేపర్లు పక్కన పెట్టింది. ఆమె ముఖం చూశాక మొగిలయ్యకు ఏదో తేడా కొట్టింది. మొదటి నుంచి అంతా చెప్పాడు. ఉత్తర్వు, కుర్చీ, కళ్లు తిరగడం, ఆలింగనం. ఆమె నవ్వు మొదలుపెడితే చాలాసేపు ఆగలేదు. చివరికి కొంగుతో కళ్లు తుడుచుకొని అడిగింది.

“కుర్చీ సంగతి సరే. ఇంకోటి సుత ఉన్నదా? మూడు నెలలాయె, గోడ దిక్కు తిరిగి పండుకుంటున్నవు. నా మీద మనసు విరిగిందేమో అనుకున్న.”

మొగిలయ్య పరీక్ష పేపర్ల అంచులు సర్దాడు. తర్వాత, “రెండో గోళీతోని అట్లయితదని డాక్టర్ ముందే చెప్పిండు” అన్నాడు.

“డాక్టర్ చెప్పిండు. నువ్వు చెప్పలె.” ఆమె కోపంగా అనలేదు. “నేనేమో జుట్టుకు రంగేసుకున్న, కొత్త చీర కట్టుకున్న. నువ్వేమో ఏమన్న ఫంక్షన్ ఉన్నదా అని అడుగుతివి.”

ఆ మాటకు ఇద్దరూ కలిసి నవ్వుకున్నారు. వచ్చే ఆదివారం కరీంనగర్ పోవాలని నిశ్చయమైంది. ఆ తర్వాత సుగుణ తెల్లకాగితం తీసింది. “మీ సారు భాషల నేను రాస్త” అంది.

“నాయందు గల ఉత్థాన లోపము గౌరవ లోపము వలన గాక, ప్రోస్టేటు గ్రంథి ఔషధ సేవనమున జనించిన రక్తపీడన క్షీణత వలన సంభవించినదని సవినయముగా మనవి చేయుచున్నాను.”

“ప్రోస్టేటు అని రాయాల్నా? ఫైలు ఏడు సీట్ల మీదికెళ్లి పోతది. ఆడోళ్లు సుత చదువుతరు.”

“ఆ గ్రంథి ఉన్న మొగోళ్లందరు ఆడోళ్లు కన్నోళ్లే. రాయాల్సిందే.”

ఫైలు ఏడు సీట్లూ తిరిగింది. సాయంత్రానికి ఆఫీసంతా తెలిసిపోయింది. మొగిలయ్య మర్నాడు తల దించుకొని వచ్చి, తల దించుకొనే పని చేసుకుంటున్నాడు. పదకొండు గంటలకు స్టోరు గుమాస్తా లింగారెడ్డి వచ్చి, అటూ ఇటూ చూసి చెవిలో అడిగాడు.

“రాత్రి వేసుకునేదేనా?”

“ఆ.”

“నాది గదే. రెండేండ్లాయె.”

“మరి నువ్వు రోజు టైముకు లేస్తున్నవు గద?”

“ఏడ లేస్తున్న? సారు వచ్చేదాంక కూసుంటలేను. తొమ్మిదిన్నరకెళ్లి నిలబడే ఉంటున్న.”

మధ్యాహ్నంలోపు ఇంకో ఏడుగురు వచ్చి వెళ్లారు. ఒకాయన ఉత్థాన సమయానికి బీరువాకు ఆనుకుంటున్నాడట. ఇంకొకాయన ఉత్తర్వుకు భయపడి గోళీలే మానేసి, రాత్రంతా ఇంట్లో ఉత్థానం చెందుతున్నాడట. హాలులోని ఇరవైమంది మగవాళ్లలో మొగిలయ్యతో కలిపి తొమ్మిదిమంది లెక్కకు వచ్చారు. ముప్ఫై ఏళ్లుగా ఒకే హాలులో కూర్చొని టీ తాగినవాళ్లు ఈ సంగతి ఒకరికొకరు చెప్పుకోవడం అదే మొదటిసారి. భోజనాల దగ్గర ఎవరి గోళీ ఏం చేస్తుందో హాయిగా మాట్లాడుకున్నారు. తనకు ముక్కు దిబ్బడ కూడా గోళీ వల్లనే వచ్చిందని అప్పుడు తెలుసుకొని, లింగారెడ్డి కొత్తగా పెట్టించిన ఫ్యాను మీద కోపం తీసేసుకున్నాడు.

నాలుగు గంటలకు పురుషోత్తం గారు మొగిలయ్యను పిలిచారు.

“మీ సంజాయిషీ పరిశీలించితిమి. భాష సంతృప్తికరముగా నున్నది. అయినను, ఔషధము ప్రభుత్వోద్యోగికి లోబడి యుండవలెను గాని, ప్రభుత్వోద్యోగి ఔషధమునకు లోబడరాదు.”

“నేను చెప్పిన సార్. గోళీ ఇంటలేదు. నా ఒక్కనిదే గాదు.”

“ఎంతమంది?”

“తొమ్మిదిమంది సార్.”

ఒక్కడైతే క్రమశిక్షణా చర్య తీసుకోవచ్చు. తొమ్మిదిమంది అయితే అది విధానపరమైన అంశం. పురుషోత్తం గారు త్రిసభ్య సంఘం వేశారు. సంఘం వారం రోజులు సమావేశమై, సంజాయిషీకి జతపరచిన డాక్టరు చీటీని సూచికగా చూపి, ‘దశలవారీ ఉత్థాన విధానం’ ప్రకటించింది. మొదటి దశలో నడుము నిటారు చేయవలెను. రెండవ దశలో కుడి హస్తము బల్లపై నుంచవలెను. మూడవ దశలో ఆసనమునకు, శరీరమునకు మధ్య జానెడు ఎడము కల్పించవలెను. నాలుగవ దశ సంపూర్ణ ఉత్థానము. దశకు ఒక నిమిషము. నాలుగు నిమిషాలు పూర్తయ్యేవరకు ఉప సంచాలకులవారు గుమ్మము వెలుపల వేచియుందురు. సమత్వ సూత్రాన్ని అనుసరించి ఈ విధానం సిబ్బంది యావన్మందికీ వర్తిస్తుంది.

దీనికి ఒక ఫారం కావాలి గదా. ఆ పని మొగిలయ్యకే అప్పగించారు. ఎంత అవమానమైనా ఫారం అనేసరికి ఆయన చెయ్యి ఊరుకోలేదు. రెండు రోజులు కూర్చొని ఉ-1 ఫారం తయారు చేశాడు. ముప్ఫై ఒక్క ఏళ్లలో అంత అందమైన ఫారం ఆ మేడ నుంచి వెలువడలేదని అందరూ ఒప్పుకున్నారు.

అందులో ఆరో గడి ‘ప్రోస్టేటు గ్రంథి స్థితి’. జూనియర్ అసిస్టెంటు రాజమణి అక్కడ ‘లేదు’ అని రాసింది. నాలుగు రోజులకు ఆమె ఫారం తనిఖీ విభాగం నుంచి తిరిగి వచ్చింది. “ఎప్పటి నుండి లేదో తెలుపవలెను. తొలగింపబడినచో శస్త్రచికిత్స వివరములు జతపరచవలెను” అని ఎర్ర సిరాతో రాసి ఉంది.

“ఇప్పుడేం రాయాలె సార్?” అని ఆమె మొగిలయ్యను అడిగింది.

“పుట్టినప్పటికెళ్లి లేదని రాయమ్మా.”

ఆమె రాసింది. ఈసారి “పుట్టుకతో వచ్చిన లోపమును ఉద్యోగములో చేరునపుడే ప్రకటించవలసియుండెను” అని వచ్చింది. రాజమణి ఆ కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకొని, “మా ఆయనకు చూపిస్త. నన్ను చేసుకొని మోసపోయిండని” అంది. చివరికి పద్నాలుగుమంది మహిళా సిబ్బందికీ కలిపి ఆరో గడి నుంచి ఒకే మినహాయింపు ఉత్తర్వు వచ్చింది. వాళ్లకు లేని గ్రంథిని ప్రభుత్వం ప్రత్యేక సందర్భంగా క్షమించింది.

ఉత్థానం సక్రమంగానే మొదలైంది. పదిన్నరకు గుమ్మం దగ్గర పురుషోత్తం గారు నిలబడేవారు. సాయిలు గంట కొట్టి, “మొదటి దశ” అని కేకేసేవాడు. ముప్ఫై నాలుగు నడుములు నిటారయ్యేవి. గోళీలు వేసుకునేవాళ్లు ఇదంతా హాయిగా చేసేవాళ్లు. వేసుకోనివాళ్లకే మూడో దశలో మోకాళ్లు పట్టేసేవి. జానెడు ఎడం కొలవడానికి స్కేలు పట్టుకొని ఒక మనిషి తిరిగేవాడు. మొగిలయ్య జీవితంలో మొదటిసారి ఒక పనిలో ఆఫీసు మొత్తానికి ఆదర్శంగా నిలిచాడు.

పదకొండో రోజున సాయిలు “మూడో దశ” అని కేకేసి వెనక్కి చూస్తే గుమ్మం దగ్గర సారు లేరు. వరండా చివర బాత్‌రూము తలుపు మూసుకున్న చప్పుడైంది.

జానెడు ఎడంలో ముప్ఫై నాలుగుమంది నిలిచిపోయారు. గౌరవం పొందవలసిన వ్యక్తి మధ్యలో లేకుండా పోతే ఏం చేయాలో విధానంలో లేదు. సంఘ సభ్యుడు ఒకాయన పుస్తకం తిరగేసి, “ప్రక్రియ భంగమైనందున అందరును ఆసీనులై మరల మొదటి దశ నుండి ప్రారంభించవలెను” అని తేల్చాడు. అందరూ కూర్చున్నారు. సారు వచ్చారు. గంట కొట్టారు. మూడో దశలో సారు మళ్లీ వెళ్లారు.

ఆ రోజు పన్నెండున్నర వరకు ఆఫీసు లేస్తూ కూర్చుంటూ గడిపింది. పెన్షను ఫారం కోసం వచ్చిన ఒక ముసలమ్మ కాసేపు చూసి, ఇదేదో యోగా క్లాసనుకొని తానూ బల్ల మీద చెయ్యి పెట్టింది. వారం రోజులు ఇదే వరస నడిచింది. బయటికి ఒక్క ఫారం వెళ్లలేదు. ప్రమోషన్ల ప్రతిపాదన కూడా టేబులు మీదనే ఉండిపోయింది. దాని మీద సంతకం చేయడానికి సారు గదిలోకి చేరితే గదా.

ఏడో రోజు మొగిలయ్య ఉండబట్టలేకపోయాడు. నడుము నిటారు చేసి, చెయ్యి ఆనించి, మెల్లగా లేచి, వరండా చివరికి నడిచి, బాత్‌రూము బయట నిలబడ్డాడు. పురుషోత్తం గారు చేతిరుమాలుతో ముఖం తుడుచుకుంటూ బయటికి వచ్చారు.

“రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నరు సార్?”

“సదరు విషయము కార్యాలయ పరిధిలోనిది కాదు.”

“నేను ఐదుసార్లు లేస్తుంటి సార్. ఇప్పుడు ఒక్కసారే.”

పురుషోత్తం గారు హాలు వైపు చూశారు. అక్కడ ముప్ఫై ముగ్గురు రెండో దశలో ఉన్నారు.

“ఎప్పటినుండి...” అని మొదలుపెట్టి ఆగారు. గ్రాంథికంలో మిగతా వాక్యం దొరకలేదు. “ఆరుసార్లు మొగిలయ్యా” అన్నారు చివరికి. “ఒక్కొక్కసారి ఏడు. పొద్దున అయ్యేసరికి ఎవరి మీద పడితే వాళ్ల మీద కోపమొస్తది. నిలబడితే అస్సలాగదు. మందు వేసుకుంటే మగతనం పోతదని ఎవరో అన్నరు. భయపడి పోలేదు.”

“మందు సరిపడకపోతే డాక్టర్ మారుస్తడు సార్. నాది మార్చిండు. ఇప్పుడు ఇంట్ల బాగనే ఉన్నది. మా ఆవిడ సుత వచ్చింది, ఆమెనే అన్ని అడిగింది.”

“ఆమెనా?”

“మీ మెమోకు జవాబు రాసింది సుత ఆమెనే సార్.”

పురుషోత్తం గారు బాత్‌రూము తలుపుకు గొళ్లెం పెట్టారు. తర్వాత, “మంచి భాష” అన్నారు.

ఉత్తర్వు రద్దు చేయడం ప్రభుత్వంలో కుదరదు. సవరించడం కుదురుతుంది. మర్నాడే సవరణ వచ్చింది. “ఉప సంచాలకులవారిని గాంచిన తక్షణమే ఉత్థాన బాధ్యత ఏర్పడుచున్నందున, ఉప సంచాలకులవారు సిబ్బందిలో ఎవ్వరి దృష్టికిని రాకుండ ప్రవేశించవలెను.” అప్పటి నుంచి పురుషోత్తం గారు చెప్పులు చేతిలో పట్టుకొని, రికార్డు గది వెనక తలుపు తీసుకొని, బీరువాల చాటున వంగి నడుచుకుంటూ తన సీటు చేరుకునేవారు. పొరపాటున ఎవరి కంటనైనా పడితే ఆ ఉద్యోగి మర్యాదగా కళ్లు మూసుకునేవాడు. మొదటి వారంలోనే టేబులు మీది ఫైళ్లన్నీ కదిలాయి. మొగిలయ్య మీది రెండు మెమోలు ఒకదానినొకటి రద్దు చేసుకున్నట్టు నమోదయ్యాయి. నెలాఖరు జాబితాలో ఆయన సూపరింటెండెంటు అయ్యాడు.

ఆ మరుసటి ఆదివారం కరీంనగర్‌లో అన్వర్ డాక్టరు క్లినిక్ బయట బెంచీ మీద మొగిలయ్య, పురుషోత్తం గారు పక్కపక్కన కూర్చున్నారు. చుట్టూ ఇరవైమంది దాకా మగవాళ్లు. బట్టల దుకాణం సేటు, సింగరేణి కార్మికుడు, ధోవతి కట్టిన ఒక పెద్దాయన, ఒక పోలీసాయన. పురుషోత్తం గారు రుమాలుతో సగం ముఖం కప్పుకొని, టోకెను చీటీని అటూ ఇటూ తిప్పి చూశారు.

“దీని మీద పేరు రాసే చోటు లేదు” అన్నారు.

“ఇక్కడ పేరడగరు సార్.”

గేటు దగ్గర కారు ఆగింది. అన్వర్ డాక్టరు దిగారు. పురుషోత్తం గారు అలవాటు కొద్దీ చుట్టూ చూశారు. ఒక్కరూ లేవలేదు. పోలీసాయన కూడా కాలు మీది కాలు తీయలేదు. డాక్టరే బెంచీల మధ్య నుంచి ఒక్కొక్కరికీ దండం పెట్టుకుంటూ, “కూసోండి, కూసోండి” అంటూ లోపలికి వెళ్లారు.

“ఇంత పెద్ద డాక్టరు” అన్నారు పురుషోత్తం గారు మెల్లగా. “ఎవరూ లేవరా?”

“లేస్తే పడుతం సార్” అన్నాడు మొగిలయ్య. “పడితే ఆయననే లేపాలె.”

పురుషోత్తం గారు ముఖం మీది రుమాలు తీసి జేబులో పెట్టుకొని, బెంచీకి హాయిగా వెనక్కి ఆనుకున్నారు.